ఫాంగ్ ఆయీ దగ్గర తాళం

పదకొండు రోజుల వాన తర్వాత ఎండ.

నాలుగో అంతస్తు కిటికీ బయట వెదురు గడ. గడ మీద నా మామిడిపిందె రంగు పట్టుచీర — మడత విప్పి, బారుగా. కుడిపక్క ఎవరిదో దూది బొంత. ఎడమపక్క ఎవరిదో పంట్లాం. గాలికి చీర పొంగుతుంది. పంట్లాం కాలెత్తుతుంది. కింద ఎవరో నవ్వుతారు.

నలభై సెకన్ల వీడియో.

నేను అబుదాబీలో ఉన్నాను. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, ఒక విల్లా వెనక రెండు గదుల వాటాలో, పొయ్యి పక్కన నిలబడి చూస్తున్నాను. ఇక్కడ జూన్. చన్నీళ్ళ కుళాయి తిప్పినా చెయ్యి కాలుతుంది.

పట్టుచీర నీడన ఆరెయ్యాలి. ఎండకి రంగు వెలుస్తుంది. ఈ మాట చైనా భాషలో చెప్పడం నాకు వచ్చు.

చెప్పలేదు.

ఇంకోసారి చూశాను.

ఆ కిటికీ నాది. ఆ ఊరు యీవూ — గుండీల నుంచి గొడుగుల దాకా లోకానికంతటికీ చిల్లర సామాను పంపే ఊరు. మా ఆయన వేణుగోపాలరావు అక్కడ సరుకు చూసి, లెక్క సరిపెట్టి, ఓడకెక్కించే కంపెనీలో పనిచేసేవారు. మూడేళ్ళున్నాం.

వాళ్ళ కొత్త సంవత్సరానికి ఊరు ఊరంతా తలుపులేసుకుని సొంతూళ్ళకి పోతుంది. ఆ ఖాళీ ఊళ్ళో మనమిద్దరం ఏం చేస్తాం అనుకుని, రెండువేల ఇరవై జనవరిలో, పది రోజులకని అబుదాబీలో మా మరిది మహీధర్ దగ్గరికి వచ్చాం. రెండు చేతిసంచులు. నాలుగు జతల బట్టలు. ఫ్రిజ్‌లో సగం కొబ్బరిచిప్ప వదిలేసి.

తర్వాత సంగతి లోకానికంతా తెలుసు.

మార్చి చివర చైనా తలుపు మూసింది. అక్కడ కాపురముండే కాగితాలున్న పరాయివాళ్ళకి కూడా. పది రోజులు ఐదు నెలలయ్యాయి. కొబ్బరిచిప్ప ఏమైందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఆవిడ — ఫాంగ్ ఆయీ. మా ఎదురు గుమ్మం. ఆయీ అంటే పిన్నిగారూ అన్నట్టు. అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, ఎప్పుడూ చేతులకి పూల తొడుగులు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి పోతే మనవణ్ణి చూసుకోవడానికి ఉత్తరాన షాన్‌డాంగ్ నుంచి వచ్చింది. ఆ ఊరి యాస ఆవిడకీ సరిగ్గా అంతుపట్టదు. కూరల అంగట్లో నేనూ ఆవిడా ఒకేలా వేళ్ళు చూపించి కొనేవాళ్ళం.

బయల్దేరే రోజు తాళం ఆవిడ చేతిలో పెట్టాను. కరివేపాకు మొక్కకి నీళ్ళు పొయ్యమని. పది రోజులకే కదా.

*

నాకు చైనా నేర్పింది ఆవిడే.

అక్కడ అన్నిటికీ మందు వేడినీళ్ళు. జ్వరమా — వేడినీళ్ళు. కడుపునొప్పా — వేడినీళ్ళు. మొగుడితో మాటా మాటా వచ్చిందా — ముందు కూర్చో, వేడినీళ్ళు తాగు. మొదటి నెల నవ్వుకున్నాను. మూడో నెలకి నేనూ ఫ్లాస్కు కొన్నాను.

ఎదురుపడితే బాగున్నావా అని అడగరు. తిన్నావా అంటారు. ఆ ఒక్క ముక్క విన్నాక ఇంక ఆ ఊరు నాకు పరాయిది కాలేదు.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఊరు నిద్రపోతుంది. అంగడివాడు గల్లా మీద తలపెట్టి, గుమాస్తా బల్ల మీద తలపెట్టి. లేపితే మహాపాపం.

ఎండ కాసిన రోజున ఎవరూ చెప్పకుండానే ఊరంతా బొంతలు బయటికొస్తాయి. రాత్రి ఆ బొంత కప్పుకుంటే ఎండ వాసన. ఎండకి వాసన ఉంటుందని, గోదావరి జిల్లా ఎండల్లో పుట్టి పెరిగిన నాకు, చైనాలో తెలిసింది.

వద్దు అనే మాట కూడా అక్కడే నేర్చుకున్నాను. కొత్తలో ఒకరోజు పులిహోర పట్టుకెళ్ళాను. వద్దంది ఫాంగ్ ఆయీ. సరేనని తెచ్చేశాను. వారం తర్వాత మెట్ల కింద అంగడి ఆమె చెప్పింది — ఆ పసుపు అన్నం మూత తీసి చూపించి వెనక్కి తీసుకుపోయిందని పాపం ఆవిడ బాధపడుతోందట. మూడుసార్లు వద్దనాలి. మూడుసార్లూ పెట్టాలి. నాలుగోసారి తీసుకోవాలి. అదీ మర్యాద.

మనూళ్ళో మాత్రం అంతే కదా! బలవంతం చెయ్యకుండా పెట్టింది భోజనమా? ఊరు మారగానే నా బుద్ధి గడ్డి తిన్నట్టుంది. మళ్ళీ పులిహోర కలిపి పట్టుకెళ్ళాను. వద్దు, వద్దు, వద్దు... ఆ తర్వాత గిన్నె ఖాళీ.

*

మే చివర మొదలై నెల దాటి పడే వాన. అక్కడి ప్లమ్ పళ్ళు పండే వేళ వస్తుందని దానికి ఆ పండు పేరే పెట్టుకున్నారు. వినడానికి ఎంత బాగుందో, ఉండడానికి అంత ముదనష్టపు వాన. గోడలకి చెమటలు. చెప్పులకి బూజు, బెల్టుకి బూజు, పప్పు డబ్బా మూతకి బూజు. మూసిన ఇల్లు అయితే చెప్పనే అక్కర్లేదు.

అందుకే ఆవిడ రోజూ మా ఇల్లు తీసేది.

మధ్యాహ్నం మనవడు నిద్రపోయాక. వాళ్ళకి రెండు గంటలు, మాకు పది. వీడియో కాల్ ఇక్కడ ఓ పట్టాన కలిసేది కాదు. కాబట్టి చిన్న చిన్న వీడియోలు. గొంతు రికార్డు చేసిన ముక్కలు.

ఇవాళ వంటింటి కిటికీ తీశాను. ఇవాళ నీ చెప్పులు తుడిచాను. ఇవాళ కరివేపాకు కొత్త చిగురు వేసింది, చూడు.

నా ఇంటిని నేను అలా ముక్కలు ముక్కలుగా, అరిచేతిలో చూసుకునేదాన్ని. నేనున్నప్పుడు ఎన్నడూ చూడని మూలలు కూడా.

ఒకరోజు దేవుడి అర.

రెండు పటాలు. వెంకటేశ్వరస్వామి, పక్కన పద్మావతి అమ్మవారు. పెళ్ళయిన కొత్తలో తిరుపతిలో కొన్నవి. అద్దాల చుట్టూ చెక్కకి తెల్లటి బూజు. ఫాంగ్ ఆయీ చిన్న గిన్నెలో దూది ముంచి, ఒక్కొక్క మూలా ఓపిగ్గా తుడుస్తోంది. స్వామి నామం మీదుగా, అమ్మవారి ముక్కుపుడక మీదుగా.

గిన్నె పక్కన సీసా. నాకు తెలుసు ఆ సీసా. జొన్నల సారా. అగ్గిపుల్ల చూపిస్తే అంటుకునే సరుకు. బూజుకి అంతకు మించిన మందు లేదంటారక్కడ.

నా చెయ్యి నోటి మీదికెళ్ళింది.

మా ఆయన చూసి ఒకటే నవ్వు, పొలమారేదాకా. “కాకినాడలో మా అమ్మకి మాత్రం చెప్పకు,” అన్నారు.

వీడియో అయిపోలేదు. తుడవడం అయ్యాక ఆవిడ రెండు చిన్న కప్పులు తెచ్చింది. పటాల ముందు పెట్టింది. ఫ్లాస్కు వంచింది. పొగలు.

“ఐదు నెలలుగా వీళ్ళకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు,” అంది. “వేడినీళ్ళు ఇచ్చాను.”

నేను నవ్వలేదు. చాలాసేపు ఆ పొగనే చూశాను. ఏ పూజలోనూ నాకు రానంత భక్తి వచ్చింది.

*

చీర ఎండలో ఊగిన ఆ రోజు సాయంత్రమే మా ఆయన ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండా కుర్చీలో కూర్చున్నారు. ముసఫ్ఫాలో ఒక గోడౌన్ ఆఫీసులో తాత్కాలికంగా చేస్తున్నారప్పటికి. అక్కడ మేనేజర్ని ముదీర్ అంటారు.

“పర్మనెంట్ చేస్తానన్నాడు. ముదీర్‌కి మాటిచ్చేశాను కాత్యా. ఇంక చైనా ఖలాస్.”

అక్కడి ఇంటాయన జూలై ఆఖరుకి ఇల్లు కావాలన్నాడట. ఫాంగ్ ఆయీకి నేను చెప్పనా, నువ్వు చెబుతావా అని అడిగారు.

నేనే చెబుతానన్నాను.

చెప్పలేదు.

మర్నాడు పదింటికి వీడియో వచ్చింది. పడకగది కిటికీ. చెప్పలేదు. ఆ మర్నాడు బీరువా. చెప్పలేదు. వాన మళ్ళీ పట్టుకుంది, ఆవిడ మూలమూలలా బొగ్గుల పొట్లాలు పెట్టింది, చెమ్మ పీల్చడానికి. చెప్పలేదు...

ఎందుకంటే — ఆవిడ కిటికీలు తీసినంత కాలం నాకొక ఇల్లుంది. ఇక్కడ ఉన్నది వాటా. మంచం మహీధర్‌ది, గిన్నెలు మహీధర్‌వి, గోడ మీద గడియారం ఇంతకు ముందున్నవాళ్ళు వదిలేసి పోయింది. బయటికెళ్తే మాస్కు, లేకపోతే నాలుగు గోడలు. పదింటికి ఫోను మోగితే మాత్రం నేను నా గుమ్మంలో నిలబడేదాన్ని.

స్వార్థమే. కాదని ఎలా అంటాను?

ముప్ఫై నాలుగు రోజులు.

ముప్ఫై అయిదో రోజు వాన వెలిసింది. వీడియోలో మా మంచం. కొత్తగా దూది ఏకించి కుట్టిన బొంత, పొద్దుటి నుంచీ ఎండలో పెట్టి తెచ్చింది, అరిచేత్తో నిమిరి సాపు చేస్తోంది.

“ఎప్పుడొచ్చినా సరే, షియావ్ కా. వచ్చీ రాగానే పడుకోవచ్చు,” అంది.

షియావ్ కా నేనే. కాత్యాయని మొత్తం ఆవిడ నోరు తిరగదు. చిన్న కా.

నావల్ల కాలేదు. మైకు గుర్తు నొక్కి చెప్పేశాను. మేం రావడం లేదు. ఇల్లు ఇచ్చేస్తున్నాం. నెల కిందటే తెలుసు. చెప్పలేకపోయాను. పంతొమ్మిది సెకన్లు.



మర్నాడు పదింటికి ఏమీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వంకాయలు తరుగుతూ ఫోను చూశాను. మా ఆయనకి డబ్బా కడుతూ చూశాను. ఆవిడ ముందు నేను ఇంత తప్పు చేసిన మనిషినై నిలబడాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

మూడో రోజు నేనే మొదలుపెట్టాను. కుక్కరు తీసుకోండి, మిక్సీ తీసుకోండి, మీరు కుట్టిన బొంత మీరే తీసుకోండి.

ఒక్క సెకను. “వద్దు.”

తెలుసు నాకు. మళ్ళీ అడిగాను. “వద్దు.”

చీరలు మీ కోడలికి. “వద్దు.”

మూడయ్యాయి. ఊపిరి తీసుకుని నాలుగోసారి అడిగాను. మీవే అన్నీ, ఆయీ. మీరు తీసుకుంటేనే నాకు ఊరట.

“వద్దు.”

నాలుగో వద్దు. దాన్ని ఏమనుకోవాలో నాకెవరూ నేర్పలేదు.

వంటింటి గచ్చు మీద కూర్చుండిపోయాను. అప్పుడు వచ్చింది, యాభై ఎనిమిది సెకన్ల ముక్క.

“నాకు కోపం లేదు, షియావ్ కా. నేను రైలెక్కుతున్నాను, అంత సామాను పట్టదు. మనవడు సెప్టెంబరులో బడికి పోతాడు. మా ముసలాయన ఏప్రిల్ నుంచి రమ్మంటున్నాడు. గోధుమ కోతలు ఒక్కడే చేసుకున్నాడు, నడుం పట్టేసింది. నీ తాళం నా దగ్గరుంది కదా, అందుకని ఆగాను. మా అబ్బాయికి ఇవ్వచ్చు. వాడు కిటికీలు తియ్యడం మర్చిపోతాడు.”

అంతే.

అక్కడ గోధుమ కోతలు జూన్ నడిమికి. చీర ఎండలో ఊగిన సాయంత్రమే నేను నోరు విప్పి ఉంటే, ఆవిడ కోతలకి అందేది. నేను నా గుమ్మం చూసుకుంటూ నిలబడ్డ ముప్ఫై నాలుగు రోజుల్లోనే ఎక్కడో ఒక ముసలాయన ఒంటిగా వంగి కొడవలి పట్టాడు. నాకు ఆయన పేరైనా తెలియదు. మూడేళ్ళలో ఒక్కసారి అడగలేదు. తిన్నావా అని ఆవిడ నన్ను అడుగుతుంటే, నీ ఇల్లెక్కడ అని నేను ఆవిణ్ణి అడగాలని తోచలేదు.

ఆయన పేరేమిటి ఆయీ అని అడిగాను. క్షమించమని కూడా అన్నాను. పేరు చెప్పింది. పెద్ద కోపిష్టి, కానీ వంట బాగా చేస్తాడు అంది.

*

తర్వాత పనులు చకచకా అయ్యాయి. చీరలు పార్సెల్‌కి. కుక్కరూ మిక్సీ మెట్ల కింద అంగడి ఆమెకి — ఆమె ఒక్కసారే వద్దంది. కరివేపాకు కూడా ఆమెకే, అది ఎందుకు వాడతారో ఆమెకి ఇప్పటికీ అనుమానమే. బొంత ఇంటి యజమానికి వదిలేసింది ఫాంగ్ ఆయీ.

మిగిలినవి రెండు పటాలు.

పార్సెల్ డబ్బాలో కుక్కడానికి ఆవిడకి మనసొప్పలేదట. అద్దం పగిలితే? తనతో తీసుకెళ్తానంది. కిటికీ పక్క సీటే దొరికింది, ఒళ్ళో పెట్టుకుంటానంది. నేను ఎప్పుడొస్తే అప్పుడు ఇస్తుందట.

బయల్దేరే రోజు పొద్దున, ఇక్కడింకా తెల్లవారకముందే, ఫోను మోగింది. స్టేషన్‌లో రైళ్ళ పిలుపులు, మనవడి ఏడుపు, వాటి మధ్యన ఆవిడ గొంతు.

“ఒకటి అడగాలి. మా ఊళ్ళో చలికాలం చెరువు గడ్డకడుతుంది. మీ దేవుళ్ళు తట్టుకుంటారా?”

లేచి కూర్చున్నాను. ఏసీ తప్ప చలి ఎరగని ఊళ్ళో కూర్చుని ఆలోచించాను. స్వామికి ఫరవాలేదు ఆయీ, కొండ మీద ఉండేవాడు, ఆయనకి చలి అలవాటే అని పంపాను.

రెండు సెకన్లు.

“మరి ఆవిడకి?”

అమ్మవారిది కొండ కింద ఊరు. మామిడితోటలూ, ఉక్కపోతా. ఇంత దూరం ఎవరి వెంటా వెళ్ళిన మనిషి కాదు.

రైలు కూత వినిపించింది. తొందరగా మైకు నొక్కాను.

“ఆవిడకి చలి కొత్త, ఆయీ. కాస్త చూసుకోండి,” అన్నాను.