బుట్ట మోసిన మేనమామ

సినిమా గ్రాఫిక్స్ చేసే మా టీము కుర్రాళ్లు "మేడమ్, మీ మొదటి ప్రాజెక్టు ఏంటండీ?" అంటే నవ్వి ఊరుకుంటాను. పల్లంరాజుగారి తల అంటే నమ్మరు మరి.

1998లో ఇంజినీరింగ్ పూర్తిచేసి, పాలకొల్లులో పెళ్లి వీడియోలు తీసే వీరబ్రహ్మంగారి దగ్గర చేరాను. నా పోరు పడలేక ఆయన కంప్యూటరు కొన్నారు. కొన్న దగ్గర్నుంచీ సణుగుడే.

"ఏమ్మా సత్యశ్రీ, హార్టు బొమ్మలు ఎగరెయ్యడానికేనా ఇది? ఈ ఒక్క పని చూస్తాను. పార్టీకి నచ్చలేదో, అమ్మేస్తాను."

నాకు ఒళ్లు మండిపోయింది. అది పోతే నేను నేర్చుకున్నదంతా గంగపాలే.

పని ఏంటంటే, నరసాపురంలో రాణి అనే అమ్మాయి పెళ్లి మేమే వీడియో తీశాం. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామ మోసుకురావాలి. ఆ మేనమామ పల్లంరాజు మందు తెస్తానని యానాం వెళ్లి, రుచి చూస్తూ చూస్తూ అక్కడే పడి నిద్రపోయాడు మహానుభావుడు! బుట్ట జానకిరామ్ అనే చుట్టం మోశాడు. అప్పట్నుంచీ రాణి తల్లి రత్తమ్మ అన్నతో మాట మానేసింది.

"నేనే మోసినట్టు చేసెయ్యండమ్మా. చూస్తే మా చెల్లి మనసు కరుగుద్ది" అని పల్లంరాజు బతిమాలాడు.

ఒక్కో ఫ్రేములో జానకిరామ్ తల తీసి, ఈయన మీసాల తల పెట్టాను. కళ్లు వాచిపోయాయి.

రత్తమ్మ ఇంట్లో క్యాసెట్ వేశాం. టీవీలో పల్లంరాజు దర్జాగా బుట్ట మోసుకొస్తున్నాడు. చుట్టాలు ఈలలేశారు. నేను పొంగిపోయాను. రత్తమ్మ మాత్రం మొహం గంటు పెట్టుకుని "ఆపండి" అంది.

"మా అన్నయ్యే బుట్ట మోస్తుంటే, పక్కన నేనెందుకండీ ఏడుస్తున్నాను?"

నిజమే! బుట్ట పక్కన ఆవిడ వీధి వైపు చూస్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. తల గొడవలో పడి ఆవిణ్ణి నేను చూడనేలేదు. వీరబ్రహ్మంగారు నన్ను కొరకొరా చూశారు. అయిపోయింది నా పని అనుకున్నాను.

పల్లంరాజు టీవీ ముందు చతికిలబడ్డాడు.

"నాకోసం ఏడ్చావేంటే? తిట్టుకుంటున్నావనుకున్నానే..." అంటూ మీసాలు తడిసేలా భోరుమన్నాడు.

"చాల్లే, ఊరుకో! అందరూ చూస్తున్నారు" అని గదమాయించబోయి రత్తమ్మ ఫక్కున నవ్వేసింది. నవ్వుతూనే నా వైపు తిరిగింది.

"ఇదే ఉంచండమ్మా. నన్ను కూడా నవ్వుతున్నట్టు మార్చగలరా?"

"ఎందుకు మార్చలేనండీ! మీరు నవ్వుతున్నది కాస్త ఉంటే..." అంటూనే కేకేశాను. "వీరబ్రహ్మంగారూ, కెమెరా!"

కంప్యూటరు అమ్మేస్తానన్న పెద్దమనిషి చెప్పులైనా వేసుకోకుండా, బండిలో ఉన్న కెమెరా కోసం వీధిలోకి పరిగెత్తారు.