కిందటి వారంలో కూర్చున్న పిల్లలు

అనకాపల్లి దాటాక ఒక బడిలో, నా పరీక్ష తప్పిన పిల్లల్ని కిందటి వారంలో కూర్చోబెడుతున్నారు. సంగతి తెలిసి బస్సెక్కి వస్తాను.

నేను మనస్తత్వ శాస్త్రవేత్తని. పిల్లలు ఒక్కసారికి ఎంత మనసులో పట్టి ఉంచుకోగలరు, దాన్నిబట్టి ఎలా నేర్చుకుంటారు అన్నదే ఇరవై ఆరేళ్లుగా నా పని. నేను నాలుగు అంకెలు చెబుతాను, వాళ్లు వెనక నుంచి తిప్పి చెప్పాలి. చెప్పలేని పిల్లలకి పాఠం చిన్న ముక్కలుగా చెప్పాలని టీచర్లకి తెలియడానికే ఆ పరీక్ష.

"ఒక్క అంకె తప్పితే ఒక్క రోజు వెనక్కి," అంటారు హెడ్మాస్టర్ పురుషోత్తంగారు.

"వెనక్కి పంపమని నేనెక్కడ రాశాను?"

"పంపొద్దని కూడా రాయలేదు కదండీ."

చెంపలు మండుతున్నాయి. వెనక మెట్లు దిగుతాను. ఒక్కో అంతస్తు ఒక్కో రోజు. నిన్న, మొన్న. ఆదివారం గదికి తాళం, కిటికీలోంచి దూకుతాను. కిందటి గురువారంలో వాన పడుతోంది.

జూన్‌లో బడి తెరిచిన రోజు అది. నూకరత్నం అనే పిల్ల, ఇంకో ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. యూనిఫాంలు ఇంకా కొత్త వాసన వేస్తున్నాయి.

"రోజూ ఇదే పాఠమండి," అంటుంది నూకరత్నం. "మూడోసారికే వచ్చేసింది. అయినా పైకి పంపరు."

తొమ్మిది మందినీ వెంటబెట్టుకుని మెట్లెక్కుతాను. అటెండరు సింహాద్రి అడ్డంగా స్టూలేసుకుని కూర్చున్నాడు.

"పైకెళ్లాలంటే అంకెలు తిప్పి చెప్పాలండి."

"ఆ పరీక్ష నాది."

"అయితే మీకు తేలికే కదండి. ఏడు, రెండు, తొమ్మిది, నాలుగు."

"నాలుగు," అంటాను. ఆపైన ఏమీ రాదు. అంకెలుండాల్సిన చోట కోపం కూర్చుని ఉంది. కోపంలో, భయంలో మనసులో చోటు తగ్గిపోతుందని నేనే పదకొండు వ్యాసాల్లో రాశాను. పరీక్ష కాగితం మీద మాత్రం రాయలేదు. ఆ వ్యాసాలకి శాలువాలు కప్పారు. కప్పించుకున్నాను.

"మూడంకెలు తప్పాయి. మూడు రోజులు కిందికండి," అంటాడు సింహాద్రి.

"సరే. మళ్లీ అడుగు."

ఆ పరీక్ష పుట్టిన రోజు కూడా కిందే ఉంది. ఈసారి కావాలనే తప్పు చెబుతాను. పిల్లలకి అర్థమవుతుంది. వాళ్లూ తప్పు చెబుతారు. అడిగిన ప్రతిసారీ తప్పుతూ దిగుతూ పోతాం. సింహాద్రి జుట్టు నల్లబడుతుంది, తర్వాత అతనే ఉండడు.

ఇరవై ఆరేళ్ల కింద ఒక యువతి బల్ల ముందు కూర్చుని పరీక్ష కాగితం మీద మొదటి అంకె రాస్తోంది. నేనే. తలెత్తి చూడదు.

నూకరత్నం ఆ కాగితం లాక్కుని నాలుగు మడతలు పెట్టి నమలడం మొదలుపెడుతుంది. మిగతా వాళ్లు బల్లని కొరుకుతున్నారు. నేను ఆ యువతి కుడిచెయ్యి అందుకుని వేళ్ల దగ్గర తినడం మొదలుపెడతాను. రుచి సుద్దముక్కలా ఉంది.