బరఫ్ మీది సూదిమందు

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలోని ఆ ఇంటికి ఇంద్రసేన పొద్దున్నే ఐసు కార్ఖానా నుంచి గోనెపట్టాలో చుట్టిన బరఫ్ గడ్డ తెచ్చేవాడు. రంపపు పొట్టు కడిగి, గడ్డను కుండలో వేసి, దాని మీద పెండ్లాం సౌభాగ్య సూదిమందు చెడిపోకుండా ఆ సీసా పెట్టేవాడు. ఆ తర్వాతే గన్‌ఫౌండ్రీలో కొలువుకు పోయేవాడు. వంటింటి గడపలో కూర్చొని కూర తరిగే వదిన వసుమతికి ఆ బరఫ్ చూస్తే ఒళ్లంతా మండేది.

"నేను నా బిడ్డ విమలను మోసిననాడు నాకు మంచినీళ్లు ముంచి ఇచ్చినోళ్లు లేరు. గీమెకు బరఫ్ గావాల్నట!" అని కొత్తిమీర కట్టతో చెప్పుకునేది.

వసుమతి ఆ ఇంటి పెద్దకోడలు. భర్త రామచందర్‌కు ఆబిడ్స్‌లో బట్టల దుకాణం. చిన్నకోడలు సౌభాగ్యకు ఇప్పుడు కడుపు, దాంతోపాటు చక్కెర జబ్బు. ఆ సూదిమందు దానికే.

ఏడో నెల పడితే ఆ ఇంటి పిల్లలు కడుపులోంచి మాట్లాడేవాళ్లు. వాళ్లేది అడిగినా కాదనొద్దని అత్తమ్మ పద్ధతి. విమల లోపలున్నప్పుడు ఎప్పుడూ "ఇంక, ఇంక" అనే అడిగేది. అత్తమ్మ జిలేబీలు తెప్పించి వసుమతి నోట్లో పెట్టేది. అప్పుడు వసుమతికి ఎంత తాగినా దప్పిక తీరేది కాదు, బాత్‌రూం గడపకు చీమలు పట్టేవి. ఎవరూ పట్టించుకోలేదు. విమల ఎంత బొద్దుగా పుట్టిందంటే గల్లీ గల్లీ చూడవచ్చింది. ఇప్పుడా పిల్ల నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతుంది. పళ్లెం ముందునుంచి లేవదు.

సౌభాగ్య బిడ్డ కూడా మొదట "ఇంక, ఇంక" అనే అన్నది. దవాఖాన నుంచి వచ్చిన నర్సు మాబెల్ పొట్టకు చెవి ఆనించి విన్నది.

"గిది ఆకలి గాదమ్మా. తల్లి నెత్తురుల చక్కెర ఎక్కువైతే లోపలి పిల్లకు గదే అలవాటైతది. పుట్టినప్పుడు ముద్దుగ కనిపిస్తరు. పెద్దగైనంక ఆయాసం, జబ్బు. మందు పడితే ఊకుంటది, ఫికర్ జెయ్యకు."

సూదులు పడ్డాక లోపలి బిడ్డ నిజంగానే తిండి అడగడం మానేసింది. "గా కూత ఏంది?" అని అడిగేది.

"రైలు, నాయినా."

"ఏడికి పోతది?"

సాయంత్రమైతే ఇంటిల్లిపాదీ సౌభాగ్య పొట్ట చుట్టూ చేరి జవాబులు చెప్పేవాళ్లు. రామచందర్ కూడా దుకాణం ముచ్చట్లు పెట్టేవాడు. విమల అక్కడే పడి ఉండేది. అది చూస్తే వసుమతికి ముద్ద దిగేది కాదు. నా బిడ్డ తిండిపోతు, ఆమె బిడ్డ పంతులా? ఒక్కసారి, ఒక్కసారైనా అది మళ్లీ "ఇంక" అంటే చాలు.

అత్తమ్మ గౌలిగూడలో చుట్టాలింటికి పోయిన మధ్యాహ్నం వసుమతి వేడి జిలేబీలు పళ్లెంలో పెట్టుకొని సౌభాగ్య దగ్గరికి పోయింది.

"తిను సౌభాగ్యా. నర్సమ్మకు ఎవరు జెప్తరు?"

సౌభాగ్యకు నోరూరింది. "వద్దన్నరు గదక్కా?"

"నేను తినలేదా? నా బిడ్డ బతకలేదా?"

సౌభాగ్య చెయ్యి పళ్లెం మీదికి వచ్చింది. అప్పుడు లోపలినుంచి గొంతు వినిపించింది.

"పెద్దమ్మా, నాకొద్దు. నీ కడుపుల చెల్లెకు గూడ పెట్టకు. నిన్నటిసంది ఇంక ఇంక అని ఒర్రుతున్నది. నాకు నిద్ర పట్టనిస్తలేదు."

వసుమతి పళ్లెం కింద పెట్టేసింది. నెల తప్పిన సంగతి ఆమె రామచందర్‌కు కూడా చెప్పలేదు. దప్పిక మళ్లీ మొదలైన సంగతి తనకు తానే చెప్పుకోలేదు.

"అక్కా, నీకు గూడనా?" అన్నది సౌభాగ్య.

"ఔ!" వసుమతి బోరుమన్నది. "నాకెవరు తెస్తరు బరఫ్?"

"ఎవరు తెచ్చుడేంది? కుండల ఇంకో సీసకు జాగ లేదా?"

సాయంత్రం మాబెల్ వచ్చి సూది మరగబెడుతుంటే వసుమతి తలుపు చాటునుంచి పిలిచింది. "నర్సమ్మా, జర నన్ను గూడ చూడు."

ఆనాటినుంచి బరఫ్ మీద రెండు సీసాలు. తన సీసా కిందనే గడ్డ తొందరగా కరుగుతున్నదని వసుమతి గొణుగుతూనే ఉండేది. సౌభాగ్యకు సన్నగా, చురుగ్గా కొడుకు పుట్టాడు. వాణ్ని ఎత్తుకున్నప్పుడు కూడా వసుమతి కళ్లు విమల వైపే పోయేవి.

వసుమతికి ఏడో నెల పడ్డది. అందరూ చుట్టూ కూర్చున్నారు. ఆ పాత మాటే వస్తుందేమోనని ఆమె కొంగు నోట్లో కుక్కుకున్నది.

"అక్క ఏది?" అన్నది లోపలి బిడ్డ.

విమల రొప్పుతూ వచ్చి కూలబడ్డది. "గీడున్న."

"గల్లీ మూలకు ఏమున్నదక్కా?"

"మిఠాయి దుకాణం."

"దాని తర్వాత?"

విమలకు తెలియదు. అది దాటి ఎన్నడూ నడవలేదు. తల్లి మొహం చూసింది. వసుమతి లేచి, బిడ్డ చెప్పులు వెతికి తెచ్చి కాళ్ల ముందు పెట్టింది.

పొద్దుగుంకేవేళకు విమల ఆబిడ్స్‌లో నాయన దుకాణం దాకా ఆగి ఆగి పోయి, చెమటలు కక్కుతూ వచ్చి చూసినవన్నీ చెప్పింది.

"తర్వాత?" అన్నది లోపలిది.

మర్నాడు విమల ఆబిడ్స్ దాటి గన్‌ఫౌండ్రీ దాకా నడిచింది.