ఆటు లాక్కుపోయిన ఉదయం

ఇన్‌సుక్ అక్కకు అరవై దాటాయి. జేజూ దీవి తీరంలోని మా ఊళ్లో ఆడవాళ్లం ఊపిరి బిగబట్టి సముద్రపు అడుగుకు మునిగి, రాళ్లకు కరుచుకున్న నత్తల్ని ఊడదీసి తెస్తాం. మాలో ఆమెకు సాటి లేరు. మునిగే ముందు ప్రతిసారీ ఆమె పెదవులు కదులుతాయి.

"అన్నిసార్లు ఏం చెప్తావక్కా దేవుడికి?" అని ఏడిపించేవాళ్లం.

"చెప్పడానికేముంది, వస్తున్నా అంటాను. కిందా ఆయనే ఉంటాడుగా," అనేది.

మ్యోంగ్‌హ్వాకు ఆ ధోరణి గిట్టదు. ఆమె సముద్రపు అవ్వ అనే దేవతకు మొక్కే మనిషి. పైగా ఆ వసంతంలో పెద్ద నత్తలున్న రాతిగుట్టను ముందు ఎవరు కనిపెట్టారన్న దాని మీద గొడవపడి, ఇద్దరూ మాటలు మానేశారు.

ఆ ఉదయం పొగమంచు కమ్ముకొస్తుంటే అందరం ఒడ్డుకు తిరిగాం. ఒక్క మునక వేసొస్తానని మ్యోంగ్‌హ్వా ఆగింది. వెనక్కి తీసే ఆటు ఆమెను, నీళ్లలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము దాటించి లాక్కుపోతోంది. అది చూసిన ఇన్‌సుక్ అక్క మాకు కేక వేసి, ఆమె వైపే ఈదింది. మేం వెనక్కి తిరిగేలోపు ఇద్దరూ మంచులో కలిసిపోయారు. తర్వాతి సంగతి మ్యోంగ్‌హ్వాయే నాకు చెప్పింది.

ఆమెకు పిక్క పట్టేసింది. నత్తల సంచి కిందికి గుంజుతోంది. అక్క వచ్చి, పట్టుకుని తేలడానికి వాడే తన సొరకాయ బుర్రను ఆమె చంకల కింద తోసింది.

"నడుముకున్న సీసపు బరువు పట్టీ విప్పెయ్. సంచీ వదిలెయ్."

"పొద్దుట్నుంచీ పడ్డ కష్టమంతా ఇందులోనే ఉందక్కా."

"నువ్వుంటే రేపు మళ్లీ పడుదువులే. వదులు."

వదిలింది. అక్క ఆమె పిక్క పిసుకుతూనే ఉంది. ఒడ్డు ఏ దిక్కో తెలియలేదు. భయం ముదిరి మ్యోంగ్‌హ్వాకు కోపం వచ్చింది.

"ఏడీ నీ దేవుడు? ఇప్పుడెక్కడున్నాడు?"

"ఇక్కడే, మనతోపాటు ఈ బుర్ర పట్టుకుని వేలాడుతున్నాడు. ఆయన్ని తన్నేవు, కాళ్లు కదపకుండా ఉండు."

అంత భయంలోనూ మ్యోంగ్‌హ్వాకు నవ్వొచ్చింది. నవ్వితే ఊపిరి కుదుటపడింది.

"మనల్ని ఎవరూ చూడకపోతే?"

"ఆయన చూస్తున్నాడు. మిగతావాళ్లు వెతుకుతున్నారు. మన పని మునక్కుండా ఉండటం. ఆ పని చేద్దాం."

ఎదురీదితే ఒంట్లో సత్తువ పోతుందని, నీటితోపాటే పోనిచ్చింది అక్క. చలికి నిద్ర కమ్మకుండా గుడిలో పాడే పాటలు ఎత్తుకుంది. ఆమెకు శ్రుతి అనేది పుట్టుకతోనే లేదు.

"అక్కా, ఈ పాటకి చేపలు కూడా పారిపోతాయి."

"అయితే నువ్వు పాడు."

పాటలో మాటలు రాకపోయినా మ్యోంగ్‌హ్వా గొంతు కలిపింది. మేం కబురు పంపితే వెతకడానికి బయల్దేరిన పడవల్లో ఒకటి, ఆ పాట విని మంచులో ఇంజను ఆపింది. మూడు చరణాలు అయ్యేసరికి ఇద్దరినీ పైకి లాగారు.

ఒడ్డున మంట దగ్గర కూర్చోబెట్టి వేడి సముద్రపు నాచు గంజి ఇచ్చాను. అక్క చేతుల్లో గిన్నె వణికిపోతుంటే నేనే పట్టుకోవలసి వచ్చింది.

"నీక్కూడా భయమేసిందా అక్కా?" అని మ్యోంగ్‌హ్వా ఆశ్చర్యపోయింది.

"ఎందుకెయ్యదు? సముద్రం సంగతి నాకు తెలీదా?"

"మరి అక్కడ అంత నిమ్మళంగా ఎలా ఉన్నావు?"

అక్క మంటకేసి చేతులు చాచింది. "భయం నాతోనే ఉందే. కానీ నా చెయ్యి ఆయన పట్టుకున్నాడు, నీ చెయ్యి నేను పట్టుకున్నాను. ఇక భయానికి పట్టుకోవడానికి చెయ్యేది?"

మ్యోంగ్‌హ్వా తన పొడి తువ్వాలు తీసి అక్క తడి జుట్టు తుడవడం మొదలుపెట్టింది. తలంతా తుడిచి, చిక్కులు తీసి, ముడి కూడా వేసింది.

"రేపు సముద్రం బాగుంటే ఆ గుట్ట దగ్గరికి కలిసే వెళ్దాం. కనిపెట్టింది మాత్రం నేనే," అంది.

"పోనీలే, అలాగే అనుకో," అని అక్క గిన్నె మళ్లీ నింపమన్నట్టు నా వైపు చాచింది.