కాశమ్మ గడిలో మార్పు

కూర్మన్నపాలెంలో ఆ కాంట్రాక్టు కంపెనీకి ఒక డిస్పెన్సరీ, పక్కనే పనివాళ్ల క్యాంటీనూ ఉన్నాయి. డిస్పెన్సరీ కంప్యూటర్లో ఎవరో ఫిట్‌నెస్ ఫలితాలు మార్చేస్తున్నారని గొడవ రావడంతో, ఆ సాఫ్ట్‌వేర్ చూసే దేవీప్రసాద్‌కు కబురొచ్చింది. మధురవాడలో ఒక చిన్న ఆఫీసులో అతని ఉద్యోగం. ఏ పనైనా సింహాద్రి అప్పన్నకు దణ్ణం పెట్టుకునే మొదలుపెడతాడు. ఆ రోజూ అలాగే చేసి, డేటాబేసులో ట్రిగ్గర్ రాశాడు.

ట్రిగ్గర్ అంటే పెద్ద వింతేమీ కాదు. రోగం, పరీక్ష ఫలితం లాంటి గుట్టుగా ఉంచాల్సిన గడుల్లో ఎవరు ఏది మార్చినా, దానంతట అదే కదిలి, మార్చినవారి పేరూ, ముందు ఏముందో, ఇప్పుడేముందో విడిగా రాసిపెట్టే చిన్న ప్రోగ్రాము. అలా రాసినదంతా రోజూ సాయంత్రం సూపర్‌వైజర్లందరికీ రిపోర్టుగా వెళ్లేలా పెట్టాడు. నలుగురూ చూస్తారంటే తప్పు చేసేవాడు జంకుతాడని అతని ఆలోచన. అసలు గడులను డాక్టరూ నర్సూ తప్ప ఎవరూ చూడకుండా కట్టడి చేసిందీ అతనే. ఆ కట్టడి రిపోర్టుకు కూడా ఉండాలని మాత్రం తట్టలేదు.

కొన్నాళ్లకే నర్సు యశస్విని ఫోన్ చేసింది.

"సార్, క్యాంటీన్ కాశమ్మ నా మొహం సూడ్డం మానీసిందండి. ఆమె రోగం సంగతి నానే బయట సెప్పీసినానంతన్నారు. అప్పన్న తోడు సార్, నాను నోరిప్పలేదు."

అతను రిపోర్టు తెరిచాడు. కాశమ్మ, క్యాంటీన్ వడ్డన. ముందు: కుష్టు, మందులు వాడుతోంది. ఇప్పుడు: కోర్సు పూర్తయింది, నయమైంది. మార్చినవారు: యశస్విని.

ఇన్నాళ్లూ ఎవరికీ తెలియని రోగం, నయమైందని రాసిన రోజున అందరికీ తెలిసింది. కాశమ్మ చేతిలోంచి గరిటె తీసుకుని, వెనక వాకిలి ఊడవడానికి పంపారట.

రిపోర్టును ఆపి, ట్రిగ్గర్ రాసినది డాక్టరుకు మాత్రమే కనపడేలా మార్చడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. ట్రిగ్గర్ తప్పేమీ చేయలేదు, చెప్పింది చెప్పినట్టు చేసింది. రిపోర్టులో యశస్విని పేరుంది. తన పేరు ఎక్కడా లేదు. ఊరుకుంటే అడిగేవాళ్లు లేరు.

ఆ సాయంత్రం దీపం పెడుతూ స్వామి మొహంలోకి చూడలేకపోయాడు. మంచికే కదా మొదలుపెట్టాను, ఇలా ఎందుకు చేశావు స్వామీ అని అడగబోయాడు. ఇంటింటికీ చాటమని స్వామి చెప్పాడా? ఆ ప్రశ్నకు తనకే తలవంపుగా అనిపించి, హారతి పళ్లెం కింద పెట్టేశాడు.

మర్నాడు క్యాంటీన్ వెనక కాశమ్మను వెతుక్కుంటూ వెళ్లాడు.

"అమ్మా, యశస్విని ఏమీ చెప్పలేదు. నేను రాసిన ప్రోగ్రాము బయటపెట్టింది. అంటే నేనే."

కాశమ్మ ఊడవడం ఆపింది. "నువ్వెవులు బాబూ? నాను నీకేటి సేసినాను?"

"తెలియక చేశానమ్మా. ఇప్పుడు తీసేశాను. ఇక ఎవరికీ కనపడదు."

"అందరూ సదివేసినాక తలుపేసినావా? బాగుంది."

"మీ చేత్తో వడ్డించండి. అందరి ముందూ కూర్చుని తింటాను." అనేదాకా ఆ మాట అతనికి గొప్పగానే అనిపించింది.

"నువ్వొక పూట తినీసి ఎల్లిపోతావు. నీ మనసు తేలికవుద్ది. రేపొద్దున నాకెవులు గరిటిత్తారు? ఆ నర్సు పిల్లని నానా మాటలూ అనీసినాను, ఆ మాటలెవులు ఎనక్కి తీత్తారు? నాకు సెప్పింది నా గరిటి తీసీసిన ఆ సూపరైజరు గవర్రాజు బాబుకి సెప్పు. కూకున్నోల్లందరికీ ఇనపడాల."

భోజనాల వేళ. బెంచీల నిండా పనివాళ్లు. దేవీప్రసాద్ ఏనాడూ నలుగురిలో గొంతెత్తినవాడు కాదు. బెంచీల మధ్య నిలబడి చెప్పాడు. నర్సు తప్పు లేదన్నాడు, కాశమ్మకు నయమైందన్నాడు, గుట్టు బయటపెట్టింది తానన్నాడు.

"ఏటి బావా, కంప్యూటరు కూడా సాడీలు సెప్తాదేటి?" అన్నాడొకడు. నవ్వులు.

సూపర్‌వైజర్ గవర్రాజు నవ్వలేదు. "ఆ రిపోర్టు నానూ సదివినాను సార్. నయమైందని పక్కనే ఉంది. నాను ముందున్న రోగం పేరు కాడే ఆగిపోనాను." పనివాళ్ల వైపు చూసి, "డాక్టరమ్మని ఓపాలి వచ్చి సెప్పమనండి. అప్పుడు సూద్దాం" అన్నాడు.

"సూద్దాం కాదు బాబూ. ఇప్పుడే పిలవండి" అంది గుమ్మంలోంచి కాశమ్మ.

దేవీప్రసాద్ డిస్పెన్సరీ వైపు కదిలాడు.

"ఆగు బాబూ." ఆమె చీపురు గోడకు చేర్చి, చెంగుతో చేతులు తుడుచుకుంది. "నువ్వు డాక్టరమ్మతో తరవాత మాటాడుకో. ఆ పిల్ల కాడికి నాను ముందెల్లాల."

అతను పక్కకు తప్పుకున్నాడు. తలెత్తలేక, ఆమె వెనకే నడిచాడు.