నియేవెస్ గొంతుతో కూసిన పుంజు

ఈబోర్‌లో తెల్లారగానే అందరూ చేసే మొదటి పని రొట్టెల కొట్టు ముందు నిలబడటం. రెండో పని, ఆ రోజు పుంజు ఎవరి గొంతుతో కూసిందో చెప్పుకోవడం.

అమెరికాలోని టాంపా ఊరు మొత్తం మీద మా ఈబోర్ పేటలో ఉన్నన్ని కోళ్ళు ఇంకెక్కడా లేవు. మనిషికి నాలుగు వందల చొప్పున ఉంటాయి. ట్రామ్ బండి గంట కొడితే పక్కకి తప్పుకోవు సరికదా, డ్రైవర్ని ఎగాదిగా చూస్తాయి. వాటి మీద చెయ్యి వెయ్యకూడదని చట్టం కూడా ఉంది. అందుకే అంత పొగరు.

"ఇవాళ ఎవరిది?" అని అడుగుతాడు రొట్టెలాయన.

"వీధి మలుపులో ఉండే మంగలిది. 'తల కాస్త వంచండి సార్' అని మరీ కూసింది."

"అయ్యో పాపం. మీకు రొట్టె ఒకటా, రెండా?"

అంతే, అంతకు మించి దాని గురించి మాట్లాడేవాళ్ళు కాదు. పుంజు ఎవరి గొంతుతో కూస్తే, ఏడాది తిరిగేలోగా ఆ మనిషి గొంతు పోతుంది. మొదట బొంగురు, తర్వాత గుసగుస, ఆ తర్వాత ఆసుపత్రి. చుట్ట తాగేవాళ్ళ గొంతులే కావాలి వాటికి. చుట్టల ఫ్యాక్టరీలు మూతపడ్డాక చాలా ఏళ్ళు అవి బుద్ధిగా పుంజుల్లాగే కూశాయి. ఇంక ఆ బెడద తీరిందనుకున్నాం. ఇంతలో చుట్టకి మళ్ళీ మోజొచ్చింది.

ఆ మోజుకి సగం కారణం డెల్ఫిన్. అతని చుట్టల పార్లర్‌లో పొగ ఎంత దట్టంగా ఉండేదంటే, ఒకాయన టోపీ తీసి దానికే తగిలించి, మర్చిపోయి ఇంటికెళ్ళాడు. వారం తర్వాత వచ్చి చూస్తే టోపీ అక్కడే ఉంది. ఇక డెల్ఫిన్ గొంతు సంగతి చెప్పక్కర్లేదు. అతను గుమ్మంలో నిలబడి "రండి" అంటే రేవులో ఓడలు ఇటు తిరిగేవి. కాలేజీ పిల్లలు, బ్యాంకు ఉద్యోగులు, ఎత్తు మడమల చెప్పులేసుకున్న ఆడపిల్లలు, అందరికీ ఒకటే పాఠం చెప్పేవాడు.

"మింగకండి నాయనా! నోట్లో తిప్పి వదిలెయ్యండి. సిగరెట్టు వాళ్ళు మింగుతారు, పోతారు. మింగకపోతే మనకేం కాదు!"

మిగతా సగం కారణం అతని కూతురు నియేవెస్. పద్దెనిమిదో పుట్టినరోజున తండ్రే ఆమెకి చుట్ట వెలిగించి ఇచ్చాడు. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి ఆమె వదిలే పొగ ఉంగరాలు ఎంత పెద్దవయ్యాయంటే, పెళ్ళిళ్ళకి పిలిపించుకుని వాటిలోంచి వధూవరుల్ని నడిపించేవారు. అది ఫోన్లలో చూసి దేశం నలుమూలల నించీ జనం దిగేవారు. పాతది చాలక పక్కనే ఇంకో పెద్ద పార్లర్ కట్టాడు డెల్ఫిన్. శనివారం తెరవాలి.

ఆ సోమవారం పొద్దున ఎర్రమెడ పుంజొకటి కొత్త బోర్డు మీదకెక్కి, రెక్కలు విదిల్చి, నియేవెస్ నవ్వు నవ్వింది.

"నాన్నా, అగ్గిపెట్టె!" అంది.

వీధి వీధంతా బిగుసుకుపోయింది. రొట్టెలాయన డెల్ఫిన్ చేతిలో ఒక రొట్టె ఎక్కువ పెట్టి, అటు తిరిగి గిన్నెలు సర్దుకున్నాడు.

నియేవెస్ మేడ మెట్లు దిగి వచ్చింది. "అచ్చు నాలాగే ఉంది కదూ నాన్నా?" అంది. ఆ గొంతులో అప్పటికే గరుకుంది. "నీకు చెప్పలేదు. డాక్టర్ చూశాడు. గొంతులో తెల్లగా మచ్చ ఉందట. గురువారం ముక్క తీసి చూస్తాడట."

"నువ్వు మింగవు కదమ్మా!"

"ఎప్పుడూ మింగలేదు. నువ్వు చెప్పినట్టే చేశాను."

డెల్ఫిన్ తిన్నగా అక్క కాసిమీరా వంటింటికి వెళ్ళాడు. ఆమె ఫ్యాక్టరీ రోజుల నించీ చుట్టలు చుట్టిన మనిషి. కర్రపెండలం చెక్కుతోంది.

"పుంజుని చంపేస్తే?" అన్నాడు.

"గొంతు దాంతోనే పోతుంది. పిల్ల ఇవాళే మూగదవుతుంది."

"మరి దారేం లేదా అక్కా?"

కాసిమీరా కత్తి పక్కన పెట్టింది. "ఎవరైనా వండుకుని, ముక్క మిగల్చకుండా తింటే గొంతు తిరిగొస్తుంది. మచ్చ మాత్రం తిన్నవాళ్ళది."

"ఎవరైనా తిన్నారా ఎప్పుడైనా?"

"నీ ఇరవయ్యో ఏట నీ గొంతు బొంగురుపోయి, మళ్ళీ గంటలా మోగడం మొదలెట్టింది, గుర్తుందా? వయసు అనుకున్నావా వెర్రినాగన్నా? అమ్మ ఆ ఏడాదే ఎందుకు మూగదైందని ఒక్కసారైనా అడిగావా?"

డెల్ఫిన్ అడగలేదు. ఊళ్ళో ఎవరూ అడగలేదు. అంత మంచి గొంతు వినడంలో పడిపోయి, పక్కన మాట్లాడని మనిషిని ఎవరు పట్టించుకుంటారు?

మర్నాడు మిట్టమధ్యాహ్నం, చట్టం భోజనం చేసి కునుకు తీసే వేళ, డెల్ఫిన్ ఆ పుంజుని పట్టుకున్నాడు. పేట మొత్తం కిటికీల్లోంచి చూసింది. ఎవరూ పోలీసుల్ని పిలవలేదు. అయితే ఆ పుంజు ఊరుకుందా? రెక్కలు చేతికి చిక్కగానే నియేవెస్ గొంతుతో బతిమాలింది.

"నాన్నా, వద్దు నాన్నా. నేనే నాన్నా."

చిన్నప్పుడు జ్వరమొస్తే ఎలా పిలిచేదో అలాగే పిలిచింది. ఆ ఘడియలో డెల్ఫిన్ నల్లటి మీసం మొత్తం తెల్లబడింది, నా కళ్ళారా చూశాను. చివరికి కళ్ళు మూసుకుని మెడ తిప్పాడు.

పసుపన్నంలో ఉడుకుతుంటే ఆ వాసన మూడు వీధులు తిరిగింది. నియేవెస్ ప్లేటు పట్టుకుని వచ్చింది.

"నాకేది?"

"ముట్టుకోకు. ఇది నాది."

"ఒక్క కాలైనా పెట్టవా? ఇంత పిసినారివి ఎప్పుడయ్యావు?"

జీవితంలో ఒక్క గుక్క పొగ మింగని మనిషి ఆ పుంజుని తల నించి గోళ్ళ దాకా మింగాడు. ఎముకలు కూడా నమిలేశాడు. ఈకలు కూడా తినేవాడే, కాసిమీరా చెయ్యి పట్టుకుంది.

"ఎలా ఉంది?" అని అడిగింది.

"ఉప్పు తగ్గింది," అన్నాడు డెల్ఫిన్.

ఆ నోటి నించి ఆ గొంతుతో మేము విన్న ఆఖరి మాట అదే.

గురువారం డాక్టర్ నియేవెస్ గొంతులో దీపం పెట్టి వెతికి వెతికి, దీపం వేడెక్కి చెయ్యి కాలేదాకా వెతికాడు. మచ్చ లేదు. తోడొచ్చిన పెద్దాయన నోరు కూడా ఓసారి చూద్దామన్నాడు. చూసి, దీపం చప్పున ఆర్పేశాడు.

శనివారం కొత్త పార్లర్ ముందు జనం బారులు తీరారు. డెల్ఫిన్ తెల్ల సూటు వేసుకుని గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్నాడు. నియేవెస్ తాళం తియ్యబోతుండగా బోర్డు మీదకి నల్లపుంజొకటి ఎగిరి వచ్చింది.

"మింగకండి నాయనా!" అని డెల్ఫిన్ గొంతుతో కూసింది. "మింగకపోతే మనకేం కాదు!"

కింద కుర్చీలో డెల్ఫిన్ పెదవులు అవే మాటలకి కదిలాయి. చప్పుడు లేదు. జనం గొల్లున నవ్వి ఫోన్లు ఎత్తారు.

నియేవెస్ పైకి చూసింది, తండ్రిని చూసింది. ఎముక కూడా మిగలని ఆ ప్లేటు గుర్తొచ్చినట్టుంది. తాళంచెవి కోటు జేబులో వేసుకుంది. నోట్లోని చుట్ట తీసి గచ్చు మీద వేసి నలిపి, తండ్రి పక్కన మెట్టు మీద కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ లేదు. రేపూ లేదు," అంది. గంటలా మోగింది ఆ గొంతు. డెల్ఫిన్ కళ్ళు మూసుకుని విన్నాడు.

వరసలో ముందున్న ఎర్రగౌను పిల్ల మూతి ముడిచింది. "అక్కా, మరి మేం ఎక్కడికెళ్ళాలి?"

పక్క వీధిలో కొత్తవి రెండు తెరిచారని వెనక నించి ఎవరో అరిచారు. జనం నవ్వుకుంటూ అటు తిరిగారు.

మెట్టు కింద నించి ఒక పెట్ట, దాని పిల్లలూ బయటికొచ్చాయి. వాటిలో చిట్టిది ఒకటి మెడ ఒక పక్కకి వంచి, నోరు తెరిచి, ఎర్రగౌను పిల్ల గొంతుతో నెమ్మదిగా ప్రయత్నించి చూసింది.

"అక్కా, మరి మేం ఎక్కడికెళ్ళాలి?"

తర్వాత కోడిపిల్లలన్నీ వరసగా, తోసుకోకుండా, ఆ జనం వెనకాలే నడిచాయి.