మూత తీసిన మనిషి

నగరం మీద జనానికి ఎన్ని కోపాలుంటాయో తెలియాలంటే ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ కార్యాలయంలో చెవులమ్మ బల్ల ముందు ఒక్క పూట కూర్చుంటే చాలు. కుళాయి రాని వాళ్లు, పింఛను ఆగిపోయిన వాళ్లు, పక్కింటి గోడ రాత్రికి రాత్రి తమ వైపు జరిగిందనేవాళ్లు, అందరూ ముందు ఆవిడ దగ్గరికే రావాలి. చెప్పింది విని, రాసుకుని, లోపలికి పంపడం ఆవిడ పని. "నీకు జీతమిచ్చేది చేతులకు కాదమ్మా, చెవులకు" అని ఒకసారి పెద్దాయన, అంటే అంబుడ్స్‌మన్ గారే, అన్నారు. ఆ పూట నుంచి ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలోనే మిగిలిపోయింది. ఆవిడేం నొచ్చుకోలేదు. అరిచేవాళ్ల ముందు అరవకుండా కూర్చోవడం కూడా ఒక పనేనని ఆవిడకు తెలుసు.

వానలు వెనకపట్టాక ఒక ఉదయం ఒక దర్జీ వచ్చాడు. అరవలేదు. కొలతల టేపు మెడలోనే వేలాడుతోంది, తీసి రావడం మరిచిపోయినట్టున్నాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మా అమ్మాయి మ్యాన్‌హోల్లో పడి చనిపోయిందండీ. పెద్ద వాన పడిన సాయంత్రం, ట్యూషన్ నుంచి వస్తూ. వీధంతా నీళ్లే. మూత లేదని దానికేం తెలుసు?"

చెవులమ్మ కలం ఆగింది. ఆయన ఆపలేదు.

"పరిహారం కోసం రాలేదమ్మా. ఏ ఆఫీసుకెళ్లినా మా సెక్షన్ కాదు పొమ్మంటున్నారు. మూత దానంతటది లేచిపోదు కదా, ఎవరో తీసుంటారు. ఆ తీసినాయన నా ఎదుట నిలబడి ఏం జరిగిందో చెప్పాలి. నా ఫిర్యాదు అంతే."

"ఏ వీధిలోనండీ?"

"పాత మార్కెట్ వెనకాల. పంప్‌హౌస్ సందు."

ఆ సందు డ్రైనేజీ సూపర్‌వైజర్ ఆవిడ తమ్ముడే. తల్లి పనికి పోతే వాణ్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. మార్కెట్ వైపు ఎవరో పిల్ల పోయిందని పేపర్లో చూసిన రోజు, "మీ వైపేనారా?" అని అడిగింది కూడా. "కాదక్కా" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉంది.

దర్జీ చెప్పిందంతా పొల్లుపోకుండా రాసుకుని, ఆయనకు మంచినీళ్లిచ్చి, తిన్నగా పెద్దాయన గదిలోకి వెళ్లింది.

"ఇది నేను చూడకూడదండీ. ఆ వార్డు మా తమ్ముడిది."

పెద్దాయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "విన్నది ఎలాగూ విన్నావు. ఇకమీదట ఈ ఫైలు గాలి కూడా నీకు సోకకూడదు. ఇంట్లో దీని గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. తట్టుకోగలవా?"

"తట్టుకోవాలిగా అండీ."

విచారణ పొడుగాయనకు అప్పగించారు. గుమ్మం దగ్గర తల వంచకపోతే నుదురు బొప్పికట్టేంత పొడుగు ఆయన. ఏళ్ల తరబడి చెవులమ్మ బల్ల మీదే తన క్యారియర్ విప్పుకునే మనిషి, ఆ రోజు నుంచి తన గదిలో తలుపేసుకుని తినడం మొదలుపెట్టాడు. ఎదురుపడితే ఎక్కడ నోరు జారతాడోనని ఆయన భయం. ఆవిడా పిలవలేదు.

తమ్ముడికి నోటీసు అందిన సాయంత్రమే పైవాటా నుంచి తల్లి దిగి వచ్చింది. తమ్ముడూ తల్లీ పైన ఉంటారు, భర్త పోయాక చెవులమ్మ ఒక్కతే కింద.

"కాగితం మీ ఆఫీసు నుంచే వచ్చిందటగా. మీ పెద్దాయనతో ఒక్క మాటంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"ఆ ఫైలు నా దగ్గర లేదమ్మా. ఉన్నా అనను."

"తోడబుట్టినవాడికి అక్కరకు రాని ఉద్యోగం ఎందుకే నీకు?"

తల్లి కొంగు దోపుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆ తరవాత ఎదురుపడినా మాట్లాడడం మానేసింది. మెట్ల మలుపులో తమ్ముడు నిలబడి ఉన్నాడు.

"అమ్మ మాటలు పట్టించుకోకక్కా. కాదని నీకు అబద్ధం చెప్పింది నేనేగా," అని తల దించుకుని పైకి పోయాడు.

విచారణలో తప్పు తేలింది. తమ్ముణ్ని సస్పెండ్ చేశారు. డ్రైనేజీ శాఖ తరఫున ఎవరైనా వచ్చి దర్జీకి ముఖాముఖి క్షమాపణ చెప్పాలని పెద్దాయన సిఫారసు చేశారు. అనుకున్న రోజున ఇస్త్రీ నలగని చొక్కాలో ఒక ఇంజనీరు కార్యాలయానికి వచ్చి, దర్జీ ఎదుట రాసుకొచ్చిన కాగితం చదివాడు. దర్జీ చివరిదాకా విన్నాడు.

"మూత తీసింది మీరా అండీ?"

"కాదండీ. శాఖ తరఫున..."

"మరి మీరెందుకు చెప్పడం?"

హాల్లో బెంచీ మీద నుంచి తమ్ముడు లేచాడు. వాణ్ని ఎవరూ రమ్మనలేదు. నోరు విప్పొద్దని లాయరు మరీ మరీ చెప్పి ఉన్నాడు. పొడుగాయన అడ్డం వెళ్లబోతే పెద్దాయన చేత్తోనే వారించారు. చెవులమ్మ తన బల్ల దగ్గర కదలకుండా నిలబడిపోయింది.

"తీయించింది నేనండీ," అన్నాడు తమ్ముడు. "ఇళ్లలోకి నీళ్లొస్తున్నాయని సందులో అందరూ కేకలేస్తుంటే తీయించాను. ఎర్రగుడ్డ కట్టిన కర్ర నిలబెట్టాను. ఒక మనిషిని కాపలా ఉంచాలి. ఉంచలేదు. పక్క వీధి మునిగిందంటే అందర్నీ అటు తీసుకెళ్లాను. తిరిగొచ్చేసరికి కర్ర కొట్టుకుపోయింది. గబగబా మూతేసి వెళ్లిపోయాను. అప్పటికే పాప లోపల ఉందని నాకు తెలీదండీ."

దర్జీ వేళ్లు ఖాళీ మెడ మీద దేనికోసమో తడుముకున్నాయి.

"మూతేసేటప్పుడు లోపలికి చూశావా?"

"లేదండీ."

దర్జీ లేచాడు. "నిజమే చెప్పావు. క్షమించమని మాత్రం అడక్కు నాయనా. నా దగ్గర లేదది."

వెళ్తూ వెళ్తూ చెవులమ్మ బల్ల దగ్గర ఆగాడు. "మీ తమ్ముడా?"

ఆవిడ తెల్లబోయింది.

"ఇద్దరికీ కుడి భుజం వాలుగా ఉంటుంది. చొక్కాలు కుట్టేవాణ్ని, కనిపిస్తుందిగా. మొదటి రోజే తెలుసా మీకు?"

"మీరు సందు పేరు చెప్పగానే తెలిసిందండీ."

"మా అమ్మాయి ఉంటే మీ పక్కన కూర్చుని ఏడ్చేది. మెత్తని మనసు దానిది. నాకంత మనసు లేదమ్మా," అని మెట్లు దిగిపోయాడు.

కొన్నాళ్లకు శాఖ తమ్ముణ్ని మళ్లీ ఉద్యోగంలోకి రమ్మంది. వెళ్లలేదు. కాలువ పక్కగా నడవాలన్నా వాడి కాళ్లు ముందుకు పడేవి కావు. వేరే ఊళ్లో ఇటుకల ఫ్యాక్టరీలో ఏదో పని చూసుకున్నాడు. కొడుకును ఒంటరిగా వదల్లేక తల్లీ బయల్దేరింది. సామాను వ్యానుకెక్కించడంలో చెవులమ్మ ఒక చెయ్యి వేసింది. పరుపులు కట్టింది, గిన్నెలు సర్దింది. తల్లి ఆవిడ వైపు చూడలేదు.

తమ్ముడు మాత్రం దగ్గరికొచ్చి, "వెళ్లొస్తానక్కా," అన్నాడు. ఆవిడ వాడి చొక్కా కాలరు సరిచేసింది.

డ్రైవరు వ్యాను కదపబోతుంటే తల్లి కిటికీలోంచి తల బయట పెట్టింది.

"వేళకు తిను. ఆ ఆఫీసులో కూర్చుని టీనీళ్లతో కడుపు నింపుకోకు."

నెలల తరవాత తల్లి నోట వచ్చిన మొదటి మాట అది. చెవులమ్మ తల ఊపింది. వ్యాను మలుపు తిరిగాక కూడా వీధిలో నిలబడి అలా ఊపుతూనే ఉంది.